కనబడని దేవునితో రోజుకు 20 నిమిషాలు: చెదిరే ధ్యాసను నిలుపుకునే పద్ధతి

మోషే సీనాయి కొండ మీద ఉన్నది 40 పగళ్లు, 40 రాత్రులు. కింద ఉన్న జనం అన్నాళ్లు ఆగలేకపోయారు. నిర్గమకాండము 32వ అధ్యాయం మొదటి వచనం జాగ్రత్తగా చదవండి. బంగారు దూడ విగ్రహాన్ని చేయించుకోవడానికి వాళ్లు చెప్పిన కారణం మోషే దిగిరావడం ఆలస్యమైందని, అతనికి ఏమైందో తెలియదని. కనబడని దేవుని వెంట ఎర్రసముద్రం దాటి వచ్చినవాళ్లు ఆలస్యం దగ్గర ఓడిపోయారు.

నేటి విశ్వాసికి ఎదురయ్యే పరీక్ష కూడా చాలావరకు ఇదే. ఫోన్ తాకిన క్షణంలో జవాబిస్తుంది. ప్రార్థన అలా జవాబివ్వదు. రోజంతా క్షణాల్లో వచ్చే జవాబులకు అలవాటుపడిన మనసు మోకరించగానే విసుక్కుంటుంది. ఆ విసుగును చూసి చాలామంది "నాకు విశ్వాసం తగ్గిపోయింది" అనుకుంటారు. నిజానికి తగ్గింది ఓపికగా ధ్యాస నిలపగల శక్తి. అది సాధనతో తిరిగి వస్తుంది. ఆ సాధన ఎలా చేయాలో ఇక్కడ చెబుతున్నాం. దేవుడు ఉన్నాడని వాదించి నిరూపించడం మరో పని, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

దేని మీద ధ్యాస పెట్టాలి?

మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కళ్లు మూసుకుని ఒక వెలుగునో, సింహాసనాన్నో, ఒక ముఖాన్నో ఊహించుకోవడానికి ప్రయత్నిస్తారు. రెండు నిమిషాల్లో ఆ బొమ్మ చెదిరిపోతుంది, దాంతోపాటు ధైర్యమూ పోతుంది. లేఖనం మనల్ని ఆ పని చేయమని అడగలేదు. దేవుణ్ణి ఎవరూ ఎప్పుడూ చూడలేదని, కుమారుడే ఆయనను బయలుపరిచాడని యోహాను 1:18 చెబుతుంది. కొలొస్సయులకు 1:15 యేసును అదృశ్యదేవుని స్వరూపి అంటుంది. కాబట్టి దేవుడు ఎలా ఉంటాడో ఊహించే పని మానేసి, సువార్తల్లో యేసు ఏం చేశాడో, ఎవరితో ఏం మాట్లాడాడో చూడండి. మన ధ్యాసకు దేవుడే ఇచ్చిన చోటు అది. తిరిగి తిరిగి అక్కడికే రావాలి.

సమయం, చోటు, ఫోన్

రోజూ ఒకే వేళ పెట్టుకోండి. చాలా చీకటి ఉండగానే లేచి యేసు ఏకాంతంగా ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది కాబట్టి ఉదయాన్నే మేలని చాలామంది ఎంచుకుంటారు. ఉదయానికి ఇంకో లాభం ఉంది, అప్పటికి తలలోకి ఏ వార్తా, ఏ సందేశమూ చేరి ఉండదు. రాత్రి పనికి వెళ్లేవాళ్లు, పసిపిల్లల తల్లులు తమకు కుదిరే వేళే ఎంచుకోవాలి. దానియేలు రోజుకు మూడు వేళలు పాటించాడు. ముఖ్యమైనది వేళ స్థిరంగా ఉండడం.

చోటు కూడా ఒక్కటే ఉండాలి. ఒక కుర్చీ, గోడవైపు తిరిగిన ఒక మూల చాలు. మంచం మీద మాత్రం వద్దు, ఆ చోటు శరీరాన్ని నిద్రలోకి లాగుతుంది. మత్తయి 6:6లో యేసు తలుపు వేసుకోమన్నాడు. ఈ కాలంలో ఆ తలుపు ఫోన్‌కు కూడా వేయాలి. బోర్లా పెట్టడం, శబ్దం ఆపడం సరిపోవు. ఎదురుగా ఉన్నంతసేపు మనసులో ఒక భాగం దాని కోసమే కాచుకుని ఉంటుంది. వేరే గదిలో పెట్టండి. అలారం కోసం ఫోన్ మీదే ఆధారపడితే లేవగానే చేతికి వచ్చేది అదే, ఆ తర్వాత పావుగంట మీ చేతిలో ఉండదు. ఒక మామూలు గడియారం కొనుక్కోండి. ఈ పద్ధతికి కావాల్సిన కొనుగోళ్లలో అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

బైబిల్ యాప్‌లో చదవడం తప్పు కాదు. కానీ ఈ 20 నిమిషాలకు అచ్చు బైబిలే వాడండి. చూపు సరిగా లేక యాప్ తప్పనిసరైతే ముందుగా ఇంటర్నెట్ పూర్తిగా ఆపేసి, యాప్ తెరిచి పెట్టుకుని, ఆ తర్వాత కూర్చోండి. బైబిల్‌తోపాటు ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, ఒక విడి కాగితం ఉంచుకోండి. విడి కాగితం ఎందుకో కింద చెబుతాం.

20 నిమిషాలు ఎలా గడపాలి?

మొదటి 2 నిమిషాలు మౌనం. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి, ఊపిరి నెమ్మదిగా తీయండి. "నీ దాసుడు ఆలకించుచున్నాడు" అన్న సమూయేలు మాట ఒక్కసారి పైకి చెప్పి ఆగిపోండి. ఇంకేమీ అడగవద్దు.

తర్వాత 10 నిమిషాలు వాక్యానికి. 6 నుంచి 12 వచనాలకు మించి తీసుకోకండి. ఒక భాగాన్ని మూడుసార్లు చదవాలి, మూడుసార్లూ పెదవులు కదలాలి. కంటితో మాత్రమే చదివితే తెర మీద వార్తల్ని జార్చినట్టు వచనాలు జారిపోతాయి. మొదటిసారి కథ అర్థం కావడానికి మామూలు వేగంతో చదవండి. రెండోసారి సగం వేగంతో చదువుతూ, ఎక్కడ మాట తగిలిందో అక్కడ ఆగండి. మూడోసారి ఆ మాటకు ముందూ వెనకా ఉన్నది చదివి, దాన్ని నోటుపుస్తకంలో చేత్తో రాయండి.

మార్కు 10:46–52 తీసుకుని చూద్దాం. బర్తిమయి గుడ్డివాడు. యేసు వస్తున్నాడని అతడు విన్నాడు, చూడలేదు. అంటే తనకు కనబడని వ్యక్తినే పేరు పెట్టి పిలుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోమని గద్దిస్తే ఇంకా గట్టిగా కేక వేశాడు. యేసు నిలిచిపోయాడు. "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగాడు. ఇప్పుడు అదే అధ్యాయంలో 36వ వచనం చూడండి. యాకోబు, యోహానులను కూడా ఆయన ఇదే ప్రశ్న అడిగాడు. చూపున్న ఆ ఇద్దరూ కుడి ఎడమల కూర్చునే స్థానాలు కోరారు, చూపులేనివాడు చూపు కోరాడు. ఇలా ఒక్కో వాక్యం దగ్గర ఆగితే 10 నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు. చదివిన ప్రతి భాగానికీ రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇక్కడ దేవుడు ఎలాంటివాడని తెలిసింది? ఈ రోజు నేను చేయాల్సింది ఏదైనా ఉందా? మొదటి ప్రశ్నను వదిలేసి రెండోదానికి పరుగెత్తవద్దు. అలా చేస్తే ధ్యానం కాస్తా చేయాల్సిన పనుల పట్టీగా మారుతుంది.

తర్వాత 6 నిమిషాలు ప్రార్థన. చదివిన వచనంలోంచే మొదలుపెట్టండి. "ప్రభువా, ఆ రోజు నువ్వు ఆగావు. ఇవాళ నా కేక దగ్గర కూడా ఆగు" అన్నంత సూటిగా ఉండాలి. స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విజ్ఞాపన (ఇతరుల కోసం అడగడం) అన్న వరుస మంచిదే, కానీ రోజూ నాలుగూ పూర్తి చేయాలని నియమం పెట్టుకోకండి. విజ్ఞాపనలో పేర్లు రోజుకు మూడు చాలు. జాబితాలో 30 పేర్లు ఉంటే వాటిని పది రోజులకు పంచండి. మూడు పేర్ల దగ్గర మనసు నిలుస్తుంది, ముప్పై పేర్లు చదివితే నోరు మాత్రమే కదులుతుంది.

చివరి 2 నిమిషాల్లో పరలోక ప్రార్థన నెమ్మదిగా చెప్పి, ఆ రోజు వెంట తీసుకెళ్లే ఒక చిన్న మాటను నోటుపుస్తకంలో రాసుకుని లేవండి. ఇంకా కూర్చోవాలనిపించినా మొదటి నెల 20 నిమిషాలకే లేవడం మంచిది. ఒక రోజు గంట కూర్చుని, మర్నాడు అంత సమయం లేదని అసలే మానేసేవాళ్లు ఎక్కువ.

ఏవి చదవాలి?

మొదటి వారానికి కీర్తన 23 (6 వచనాలు), కీర్తన 121 (8), కీర్తన 130 (8), కీర్తన 131 (3), మార్కు 4:35–41, మార్కు 10:46–52, యోహాను 20:24–29 సరిపోతాయి. కీర్తన 131 చిన్నదని తేలిగ్గా తీసుకోకండి. తల్లి దగ్గర పాలు విడిచిన పిల్ల నిమ్మళంగా ఉన్నట్టు నా ప్రాణం ఉందంటాడు కీర్తనకారుడు. పాలు తాగే పిల్ల పాల కోసం ఏడుస్తుంది. పాలు విడిచిన పిల్లకు తల్లి దగ్గర ఉండడమే చాలు. ప్రార్థన ఎటు ఎదగాలో ఆ మూడు వచనాల్లో ఉంది.

రెండో వారం నుంచి మార్కు సువార్త మొదలుపెట్టి రోజుకు సుమారు 10 వచనాల చొప్పున వెళ్లండి. రెండు నెలల పైచిలుకు పడుతుంది. దీనికి తోడు విస్తారంగా చదవాలనుకుంటే ఆ పని వేరే వేళకు పెట్టుకోండి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం చదివితే 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది, వారానికి రెండు రోజులు ఖాళీగానూ ఉంటాయి. ఆ ఖాళీ చాలా అవసరం. బైబిల్లోని 1,189 అధ్యాయాలనూ ఏడాదిలో ముగించే పట్టికలు చాలామంది మధ్యలోనే ఆపేయడానికి కారణం, ఒక్క రోజు తప్పితే మర్నాటికి ఆరేడు అధ్యాయాలు పేరుకుపోవడం. తప్పిన రోజును తప్పినట్టే వదిలేయండి, బాకీ తీర్చడానికి కూర్చోవద్దు.

కళ్లు మూసి బైబిల్ తెరిచి, వేలు పడిన వచనాన్ని ఆ రోజు జవాబుగా తీసుకునే అలవాటు ఉంటే మానేయండి. ఆ వచనం ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నదో తెలియకుండా దానితో నిర్ణయాలు చేస్తే, దేవుని పేరున మన కోరికకే మనం సంతకం పెట్టినట్టవుతుంది.

మనసు చెదిరినప్పుడు

చెదురుతుంది. ఫోన్ పుట్టక ముందూ చెదిరింది. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ప్రార్థనకే జీవితం అప్పగించిన ఎవాగ్రియస్ ఒక సన్యాసి అవస్థను వర్ణించాడు: ఊరికే కిటికీ వైపు చూస్తాడు, భోజన వేళకు ఇంకెంత సేపు ఉందోనని సూర్యుణ్ణి కొలుస్తాడు, ఎవరైనా సోదరుడు వస్తున్నాడేమోనని తొంగి చూస్తాడు. మన చేతిలో ఉన్న తెర ఆ కిటికీని జేబులోకి తెచ్చింది, అంతే. ఎవాగ్రియస్ ఇచ్చిన సలహా లేచిపోకుండా ఆ గదిలోనే ఉండమని.

చేయాల్సింది ఇది. గుర్తుకొచ్చింది పని అయితే (కట్టాల్సిన బిల్లు, చేయాల్సిన ఫోన్) విడి కాగితం మీద ఒక్క మాటలో రాసి వదిలేయండి. రాసేస్తే మనసు దాన్ని మోయడం మానేస్తుంది. గుర్తుకొచ్చింది మనిషి అయితే ఆ పేరును అక్కడికక్కడే ప్రార్థనగా మార్చి వచనానికి తిరిగి రండి. గుర్తుకొచ్చింది భయమో కోపమో అయితే దాన్ని అణచకుండా దేవునితో ఉన్నదున్నట్టు చెప్పండి, ఆ రోజు అసలు ప్రార్థనాంశం అదే కావచ్చు. 20 నిమిషాల్లో పదిహేనుసార్లు చెదిరి పదిహేనుసార్లు తిరిగి వచ్చినా ఆ రోజు వృథా కాలేదు. తిరిగి రావడమే ఇక్కడ నేర్చుకునే పని. చెదిరినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ కూర్చుంటే అది మరో చెదరడం అవుతుంది.

నిద్ర ముంచుకొస్తే నిలబడండి, నడుస్తూ పైకి చదవండి. అయినా రోజూ అదే జరుగుతుంటే లోపం భక్తిలో వెతకకండి, రాత్రి పడుకునే వేళలో వెతకండి. గెత్సేమనేలో నిద్రపోయిన శిష్యులను మందలిస్తూనే, ఆత్మ సిద్ధమే గాని శరీరం బలహీనమని యేసు చెప్పాడు.

పగటి వేళ

ఉదయం ఎంత నిండుగా గడిచినా మధ్యాహ్నానికి ఆవిరైపోతుంది. దీనికి పాత మందు చిన్న ప్రార్థన. ఐగుప్తు సన్యాసుల దగ్గర నేర్చుకున్న యోహాను కాసియన్ 5వ శతాబ్దంలో, ఒకే ఒక్క వచనాన్ని రోజంతా పలకమని రాశాడు. కీర్తన 70 మొదటి వచనం అది, దేవా త్వరగా నా సహాయానికి రమ్మన్న మొర. సుంకరి ప్రార్థన "దేవా, పాపినైన నన్ను కరుణించు" కూడా అంతే చిన్నది. ఒకటి ఎంచుకుని నెలరోజులు మార్చకండి. దాన్ని రోజూ ఎలాగూ చేసే పనులకు ముడివేయండి: తలుపు తాళం తీసేటప్పుడు, మెట్లు ఎక్కేటప్పుడు, ముఖ్యంగా ఫోన్ తెర తెరవబోయే ముందు. ఆ చివరిది మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, ఎక్కువ పనిచేసేదీ అదే. అపొస్తలుల తర్వాతి తొలి తరాల సంఘాల్లో పరలోక ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమని నేర్పేవారు. అర నిమిషం పట్టే ప్రార్థన అది. పనిచోట కూడా వీలవుతుంది.

రాత్రి పడుకునే ముందు 5 నిమిషాలు రోజును వెనక్కి చూడండి. 16వ శతాబ్దంలో లొయోలా ఇగ్నేషియస్ అనే కతోలిక గురువు నేర్పిన వరుస నేటికీ చక్కగా పనికొస్తుంది: కృతజ్ఞత చెప్పడం, చూడగలిగే వెలుగు అడగడం, గంట గంటగా రోజును నెమరువేయడం, క్షమాపణ కోరడం, రేపటి కోసం ఒక తీర్మానం. కనబడని దేవుని జాడ చాలాసార్లు వెనక్కి చూసినప్పుడే తెలుస్తుంది. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు యేసుతోనే నడిచి కూడా గుర్తుపట్టలేదు. రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు, వెంటనే ఆయన అదృశ్యుడయ్యాడు. దారిలో లేఖనాలు విప్పి చెబుతున్నప్పుడు మన హృదయం మండింది కదా అని అప్పుడు అనుకున్నారు.

ఏమీ అనిపించని రోజులు

కొన్ని వారాలు వాక్యం పొడిగా ఉంటుంది, ప్రార్థన గోడకు తగిలి తిరిగి వచ్చినట్టు ఉంటుంది. ఇందులో రకాలున్నాయి. అన్నిటికీ ఒకే మందు వేస్తే పనిచేయదు.

ఊరికే ఎండిపోయినట్టు ఉండి, జీవితంలో పెద్ద మార్పేదీ లేకపోతే పద్ధతి మార్చకండి. ఇలాంటి వేళ ముందు చేసిన తీర్మానాన్ని మార్చవద్దని, మానేయాలనిపించినప్పుడు పెట్టుకున్న సమయం కంటే కాస్త ఎక్కువే కూర్చోమని ఇగ్నేషియస్ సలహా. ఆ రోజు 20కి బదులు 22 నిమిషాలు కూర్చోండి.

తెలిసి వదలని పాపమో, క్షమించడానికి ఒప్పుకోని మనిషో ఉంటే, ఎంత ఎక్కువసేపు చదివినా పొడితనం పోదు. అక్కడ కావాల్సింది ఒప్పుకోలు, వెళ్లి మాట్లాడడం.

దుఃఖం ఉంటే సంతోషాన్ని నటించకండి. కీర్తన 13 "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. కీర్తన 88 చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో వెలుగు కూడా రాదు. ఈ మాటల్ని లేఖనంలో ఉంచింది మనం వాటిని వాడుకోవడానికే.

ఇక రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకుండా పోతే అది కుంగుబాటు కావచ్చు, వైద్యుణ్ణి కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే దగ్గరివాళ్లకు చెప్పి వైద్య సహాయం తీసుకోండి. అలా వెళ్లడం అవిశ్వాసం కాదు. ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు అతనికి నిద్రను, రొట్టెను, నీళ్లను ఇచ్చాడు. నిమ్మళమైన స్వరం ఆ తర్వాత హోరేబులో వినిపించింది.

సందేహాల సంగతి కూడా ఇంతే. సందేహాన్ని నోటుపుస్తకంలో ఒక్క వాక్యంలో రాయండి. రాయగలిగితే అది ప్రశ్న. ఆ వాక్యాన్ని చదువుకున్న కాపరి దగ్గరికో, నమ్మకమైన పుస్తకం దగ్గరికో తీసుకెళ్లవచ్చు. ఎంత ప్రయత్నించినా వాక్యంగా రాకపోతే తరచూ అది అలసటో గాయమో అయి ఉంటుంది, దానికి వాదన పనిచేయదు. రెండు రకాలకూ సరిపోయే ప్రార్థన మార్కు 9:24లో ఉంది: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." ఆ తండ్రి విశ్వాసం సగమే అయినా యేసు అతని కొడుకును బాగుచేశాడు.

సాధనలా కనిపించేవి

ప్రసంగాల వీడియోలు, ఆరాధన పాటలు రోజంతా వెనకాల మోగుతుంటే ప్రార్థించినట్టే అనిపిస్తుంది. అవి మంచివే. కానీ వింటున్నంతసేపు మాట్లాడుతున్నది వేరొకరు, మీరు దేవునితో ఒక్క మాటైనా అని ఉండరు. వారానికి ఒకటో రెండో ప్రసంగాలు కూర్చుని పూర్తిగా వినండి, మిగతా సమయంలో ఆపేయండి. ఉదయం తగిలిన వచనాన్ని వెంటనే స్టేటస్‌లో పెట్టడం కూడా ఆపండి, కనీసం ఆ సాయంత్రం దాకా. పెట్టగానే ఎవరు చూశారన్న దాని మీదికి మనసు వెళ్లిపోతుంది.

వారానికి ఒకసారి తెరలకు ఉపవాసం ఉండండి. మొదట 3 గంటలతో ప్రారంభించి, నెలలో సగం రోజుకు, తర్వాత సూర్యాస్తమయం నుంచి సూర్యాస్తమయం దాకా పెంచండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, అత్యవసరానికి ఒక దారి ఉంచండి. ఖాళీ అయిన సమయంలో ఏం చేస్తారో ముందే నిర్ణయించుకోకపోతే రెండో గంటకే ఫోన్ చేతిలో ఉంటుంది.

ఆ సమయంలో కొంత సంఘానికి ఇవ్వండి. ఒంటరిగా చేసే సాధన ఎంత బాగున్నా అది సగమే. విశ్వాసం బలహీనపడిన వారం పక్కన నిలబడి పాడేవాళ్ల గొంతు మనల్ని మోస్తుంది. ప్రభు బల్లలో రొట్టె చేతికి వస్తుంది, నోటికి రుచి తెలుస్తుంది. కనబడని దేవుడు తాకగలిగినదాన్ని ఇచ్చాడు, దాన్ని అలక్ష్యం చేయకండి. లైవ్‌లో చూసే ఆరాధన రోగికీ దూరాన ఉన్నవారికీ మేలు, వెళ్లగలిగినవారికి అది చాలదు.

ఆరు వారాల తర్వాత సాధన ఎలా ఉందో చూసుకోండి. ఎంత అనుభూతి కలిగింది, ఎన్ని అధ్యాయాలయ్యాయి అన్న లెక్కలు పక్కన పెట్టండి. చూసిన సహోదరుని ప్రేమించనివాడు చూడని దేవుని ప్రేమించలేడని 1 యోహాను 4:20 అంటుంది, కొలత అక్కడ ఉంది. నోటుపుస్తకం తెరిచి, విజ్ఞాపనలో రాసుకున్న పేర్లలో ఈ ఆరు వారాల్లో మీరు వెళ్లి కలిసినవాళ్లు, సహాయపడినవాళ్లు ఎవరో గుర్తుపెట్టండి. ఒక్క పేరు దగ్గర కూడా గుర్తు పడకపోతే ఏడో వారంలో చదివే భాగాన్ని పెంచకండి. ఆ పేర్లలో ఒకరి ఇంటికి వెళ్లండి, వెళ్లేటప్పుడు ఫోన్ ఇంట్లో వదిలేయండి.